సమాధానం గారి లైన్ క్లియర్

లైన్ క్లియర్ లేనిదే సమాధానం గారు రైలునే కాదు, మనిషిని కూడా కదలనిచ్చేవారు కాదు.

ముప్పయ్యారేళ్లు స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. ఒకే పట్టాల మీద రెండు బండ్లు ఎదురు పడకుండా పాతకాలంలో ఒక టోకెన్ ఉండేది. బత్తాయంత ఇనుపగుండు, పక్క స్టేషన్ 'దారి ఖాళీ' అని లైన్ క్లియర్ ఇచ్చాకే దాన్ని తోలుసంచిలో పెట్టి, బెత్తపు రింగుకు తగిలించి డ్రైవరుకు ఇచ్చేవారు. అది ఎవరి దగ్గరుంటే దారి వాళ్లది. మిగతావాళ్లు ఆగాల్సిందే.

ఇంట్లోనూ అదే చట్టం. వంటింటికి పోయే నడవ సన్నం కనుక, గోడకు పప్పుగరిట వేలాడుతుంటేనే అడుగుపెట్టాలి. ఒకసారి ఆయన భార్య ఎలిశబెతు గరిటతో సహా పొరుగింటికి పోయి కబుర్లలో పడింది. ఆయన గంటసేపు వసారాలో ఆకలితో నిలబడే ఉన్నారు.

"పెళ్లినాడు పాస్టరుగారు 'సమ్మతమేనా?' అంటే, 'పక్క స్టేషన్‌ని అడిగి చెప్తా' అన్నాడబ్బయా ఈ మనిషి!" అని ఆమె వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

"పక్క స్టేషన్ ఒప్పుకునింది గదా, ఇంకేంది?" అనేవారాయన.

ఇలాంటి మనిషిని ఏరికోరి తెచ్చుకున్నాడు విజయభాస్కర్ అనే రిటైర్డ్ లెక్కల మాస్టరు. ఇందుకూరుపేట అవతల ఉప్పు పండించే కొటార్ల దాకా పోయే, ఎప్పుడో మూసేసిన బ్రాంచి లైన్‌లో పొగబండి మళ్లీ నడపాలని ఆయన పట్టుదల. మూడేళ్లు తిరిగి, తుమ్మచెట్లు కొట్టించి, నాలుగు కిలోమీటర్ల పట్టాలు బయటికి తీయించి, తుప్పుపట్టిన ఇంజిన్‌కు ప్రాణం పోయించాడు. పాతపద్ధతి తెలిసిన స్టేషన్ మాస్టరు ఈ చుట్టుపక్కల సమాధానం గారొక్కరే.

అయితే వారంరోజులుగా విజయభాస్కర్‌ను ఒక సంగతి తొలిచేస్తోంది. రోజూ ఎనిమిదింటికి కొక్కెం మీద టోకెన్ ఉండదు. తొమ్మిదిన్నరకు ఉంటుంది.

"టోకెన్ ఏదండీ మాస్టారూ?"

"సెక్షన్‌లో ఉండాది."

"ఇంజిన్ షెడ్డులో ఉంది కదా, పట్టాల మీద ఇంకేముంది?"

"రెండో నంబరు బండి."

టైంటేబుల్‌లో ఉన్నదే ఒక బండి! విజయభాస్కర్ కళ్లద్దాలు తుడుచుకుని పట్టాల వెంట చూశాడు. మలుపు దాకా తూనీగలు తప్ప ఏమీ లేవు. పెద్దాయనకు మతి తప్పుతోందేమోనని దిగులు వేసింది. ఆ రెండో బండి ఏమిటా అన్న కుతూహలం మాత్రం దిగులుకన్నా ఎక్కువైంది.

తనిఖీ రోజు వచ్చింది. భద్రతాధికారి సరేనంటే బండి నడుస్తుంది, కాదంటే ఇంజిన్ మళ్లీ తుప్పుకే. పదకొండుకు రావలసిన ఆ పెద్దమనిషి, మధ్యాహ్నం శ్రీహరికోటలో రాకెట్ చూడాలని తొమ్మిదికే దిగాడు.

"మాస్టారూ, టోకెన్!"

"లైన్ క్లియర్ లేదు."

"అయ్యా, అధికారి గారు బండిలో కూర్చున్నారు!"

"కూర్చోనీ. సీట్లు మెత్తంగానే ఉండాయి గదా."

డ్రైవరు మస్తానయ్య తల బయటపెట్టాడు. "అన్నా, కూతేసుకుంటా మెల్లంగా పోతాలే. ఎవురన్నా ఉంటే తప్పుకుంటారు."

"కూత ఇనపడితే గదా తప్పుకునేది?"

అధికారి ముఖం ఎర్రగా చేసుకుని దిగాడు. "ఏ బండి కోసమండీ ఈ ఆపడం?"

సమాధానం గారు మలుపు వైపు వేలు చూపించారు. తలమీద చేపలగంప, భుజాన బెత్తపు రింగు, స్లీపర్ల మీద అడుగులో అడుగు వేస్తూ వస్తోంది మాలకొండమ్మ. ఆమెకు బొత్తిగా చెవుడు. రోజూ ఉప్పుకాలువ మీది రైలు వంతెన దాటి, పల్లెపాలెంలో చేపలు కొని తెచ్చి అమ్ముకుంటుంది. రోడ్డున పోతే అయిదు కిలోమీటర్ల చుట్టు. 'వంతెనపై నడవరాదు' అని బోర్డు రాయించింది విజయభాస్కరే.

"ఆపితే ఆమె బతుకు పోతాది. ఊరికే పోనిస్తే ప్రాణం పోతాది. అందుకే ఆమెనే బండిని చేసినా. మీకు చెప్తే కంచె కట్టేస్తారని చెప్పలా," అన్నారు సమాధానం గారు, బోర్డు రాయించినవాడి వైపు చూడకుండా.

అధికారి రిజిస్టరు తెప్పించుకుని తిరగేశాడు. 'రెండో నంబరు, మాలకొండమ్మ, రైట్ టైం.' రోజూ అదే. కలం తీశాడు.

"వంతెన పక్కన నడకదారి వేయించండి. అందాకా ఈ బండి వచ్చాకే ఆ బండి." కింద సంతకం చేశాడు.

"వెంటనే వేయిస్తానండీ," అన్నాడు విజయభాస్కర్.

మాలకొండమ్మకు ఇదేమీ పట్టలేదు. పొగలు కక్కుతున్న ఇంజిన్‌ను ఎగాదిగా చూసి, "దారికడ్డంగా పెట్టినారేందయ్యా దీన్ని?" అంది. మస్తానయ్య చేయి చాపినా రింగు ఇవ్వలేదు. నేరుగా పోయి స్టేషన్ మాస్టరు చేతికే ఇచ్చింది.

సమాధానం గారు గడియారం చూసి, టైము రాసుకుని, ముందు ఆమెకు పచ్చజెండా ఊపారు. ఆమె గంప సర్దుకుని నిదానంగా ప్లాట్‌ఫాం దిగిపోయాకే మస్తానయ్య వైపు తిరిగారు. అప్పటికే అధికారి గారు బుద్ధిగా వెళ్లి తన సీట్లో కూర్చున్నారు.