ఆ స్విచ్చి కట్టనివ్వలేదు

మేము గాజువాకలో ఉన్న రోజులవి. దండగగా ఒక్క బల్బు వెలిగినా ఊరుకోని మనిషిని నేను. మనవరాలు సుజాతకి ఆటోనగర్‌లో ఉద్యోగం రావాలంటే, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరుకి ప్రోగ్రాములు తయారుచేసి మర్నాడు చూపించాలి. వాటిని తయారుచేసేంత శక్తి ఆ చిన్న కంప్యూటరుకి లేదట. అందుకే ఇంట్లోని పెద్ద కంప్యూటరు తానే ఆ చిన్నదైనట్టు నటిస్తూ, రెండు రోజులుగా వాటిని తయారుచేస్తోంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే.

మా అబ్బాయి విసుగ్గా స్విచ్చి దగ్గరికి వచ్చాడు. "కరెంటు తగలేత్తంది. కట్టేత్తానమ్మా!"

కుర్చీ లాక్కుని అడ్డంగా కూర్చున్నాను. "అన్నం సగం ఉడికినాక పొయ్యి ఆర్పుతావేట్రా? ముందు నన్ను లేపు, సూద్దాం!"

"బల్బు కట్టమని అరిసేది నువ్వే కదమ్మా!"

"అది దండగ. ఇది పని."

సాయంత్రానికి పని పూర్తయింది. సుజాతకి ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో బల్బులు ఆర్పేది నేనే. ఏది ఆర్పకూడదో చెప్పేదీ నేనే.