బక్షీసునామాలో ఒక వాక్యం

దయ్యాలు లేవని సిద్దిపేటలో సభ పెట్టి మరీ వాదించినవాణ్ని నేను. ఆ మాటలో ఇప్పటికీ ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. అయితే బతికున్న మనిషి దయ్యంలా మసలడం మా ఇంట్లోనే చూశాను. దానికి కారణం ఏ మంత్రగాడూ కాదు, నేను దగ్గరుండి రాయించిన ఒక కాగితం.

నైజాం ప్రభుత్వం రోజులవి. ఆ ఇల్లు మా మేనత్తది. పెళ్లినాడు మా తాత ఆమెకు పసుపుకుంకుమ కింద ఇచ్చాడు. భర్త పోయాడు, పిల్లలు లేరు. నేనూ నా భార్యా ఆమె దగ్గరే ఉండేవాళ్లం. మరిది కొడుకులు అప్పుడప్పుడూ వచ్చి దూలాల వంక చూసి పోతుండేవారు. పుట్టింటి ఆస్తి గనుక ఇష్టమైనవారికి ఇచ్చే హక్కు ఆమెకుంది. నా పేర వీలునామా రాస్తానంది. నేనే వద్దన్నాను. వీలునామా ఆమె పోయాక గాని పనిచేయదు. అప్పుడది ఆమె రాసిందే కాదని మరిది కొడుకులు కోర్టుకెక్కుతారు. బక్షీసునామా, అంటే దానపత్రం, అయితే ఆమె బతికుండగానే ఇల్లు నా పేరుకు మారుతుంది, ఇంటి పన్ను రసీదూ నా పేరనే వస్తుంది, ఇక వాదించడానికేముంటుంది?

కాగితం రాసిన ముసలి అర్జీనవీసు ఉర్దూలో రాసి తెలుగులో చెప్పేవాడు. మధ్యలో కలం ఆపి, ఆమె బతికినన్నాళ్లు ఆ ఇంట్లో ఉండొచ్చని ఒక మాట చేర్చుదామా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. షరతు పెడితే ఇచ్చీ ఇవ్వనట్టేనని అవతలి వకీలు పట్టుకుంటాడు. మా అత్తను నేను వెళ్లగొడతానా?

"ఈ దినం నుంచి ఈ ఇంటితో నాకు ఎట్టి హక్కు గాని, సంబంధం గాని లేదు" అని అతడు చదివాడు. ఆ వాక్యం మళ్లీ చదవమని అడిగింది అత్త. రెండోసారి విని, సిరా అద్దిన బొటనవేలు గట్టిగా ఒత్తింది. గీతలు లెక్కపెట్టగలిగేంత తేటగా పడింది ముద్ర.

రిజిస్టరీ చేయించి ఇంటికొచ్చాక ఆమె గడప దాటలేదు.

"లోపటికి రావచ్చునా కొడుకా?"

పరాచికమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నాకేం సంబంధం లేదని వేలు పెడితిని గద. ఇచ్చినంక మల్ల అండ్ల ఉంటే, తిరిగి గుంజుకున్నట్టే."

ఆనాటి నుంచి అరుగు మీదే ఆమె పడక. గూట్లోని ఆమె అద్దం, దువ్వెన కూడా అరుగు మీదికి పోయాయి. ఆమె చీరలు ఆరే దండెం ఖాళీ అయింది. మిట్టమధ్యాహ్నం నా భార్య పని చేసుకుంటూ వెనక్కి తిరిగితే గడప అవతల నిలబడి ఉండేది. ఎప్పుడొచ్చిందో తెలిసేది కాదు. రమ్మంటే వచ్చి, చేతనైన పని చేసి, వెళ్లేటప్పుడు తడిగుడ్డతో వంగి, వెనక్కి నడుస్తూ, తన అడుగుల జాడ తానే తుడుచుకుంటూ పోయేది. గుడ్డ ముంచేది సున్నపు నీళ్లలో. ఆరిన నేల మీద తెల్లటి పొర మిగిలేది, అక్కడ ఎన్నడూ ఎవరూ నడవనట్టు.

"అత్తమ్మ తిరిగినట్టే ఉంటది. మనిషి కండ్లవడది" అంది నా భార్య ఒకనాడు, గొంతు తగ్గించి.

పక్కింటి ముసలాయన గొంతు తగ్గించలేదు. "ఇల్లు రాయించుకోంగనే అత్తను అరుగు మీద పండవెడితివి. శాన తెలివిగలోనివయ్యా."

వానలు మొదలయ్యాయి. జల్లు అరుగు మీదికి కొట్టేది. అత్తకు దగ్గు పట్టుకుంది. నా దగ్గరున్న వాదనలన్నీ చెప్పి చూశాను. శాస్త్రాలూ పురాణాలూ అయితే చీల్చి చెండాడేవాణ్ని. ఆమె నమ్మింది రిజిస్టరీ కాగితాన్ని. ఆ వాక్యాన్ని దగ్గరుండి రాయించింది నేను.

చివరకు, బతికినన్నాళ్లు ఆమెకు ఆ ఇంట్లో నివాసపు హక్కు ఇస్తున్నానని ఇంకో కాగితం రాయించాను. ఒప్పుకున్నట్టు ఆమె ముద్ర కావాలి. అర్జీనవీసే ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె వేలు ఒత్తింది. గుండ్రటి నల్ల మచ్చ పడింది. మళ్లీ ఒత్తించాడు. రెండో చేతి వేలూ అంతే.

అతడు ఆమె చేతిని వెలుతురుకు తిప్పి చూశాడు. "గీతలు లేవమ్మా. ఏమైనయ్?"

అత్త కూడా చూసుకుంది. "నేను లేనని కాగితం గుడ ఒప్పుకున్నది."

కారణం నాకు తెలుసు. సున్నం చర్మాన్ని తింటుంది. అడుగులు తుడిచిన చేయే వేలి గీతల్నీ తుడుచుకుంది. ఇందులో వింత లేదు. అయినా ఆ నల్ల మచ్చ కనబడకుండా కాగితం మడిచేశాను.

సున్నం మానితే గీతలు మళ్లీ వస్తాయన్నాడు అర్జీనవీసు. ఆ గుడ్డను పొయ్యిలో పెట్టాను. రోజూ ఆమె వేళ్లకు ఆముదం రాసేవాణ్ని. ఎవరి చేయో అప్పగించినట్టు చేయి చాపేది. ఇంట్లోకొచ్చి పోతే తడికాళ్ల గుర్తులు నేల మీద అలాగే ఆరేవి. వాటిని తొక్కకుండా తప్పుకుని నడిచేవాళ్లం.

వానలు వెనకబట్టాక ముద్ర పడింది, సగం, పలచగా. ఈ పాటి చాలన్నాడు అర్జీనవీసు. "బతికినన్నాళ్లు" అన్న వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివించుకుంది. తర్వాత చాప చుట్టి చంకన పెట్టుకుని, ఎవర్నీ అడక్కుండా గడప దాటింది.

మడమల చప్పుడు ఇంటి నడుమ దాకా వినిపించింది. వంటింట్లో నా భార్య చేతిలోంచి మూత జారిపడింది.

"ఎవరది లోపట?" అంది.

"నేనేనే" అంది అత్త.