చెరకు బండ్ల వరుసలో మేనత్త పొయ్యి

నా చిన్నప్పుడు మా మేనత్త ఏడాది బతుకంతా చెరకు ఆడే ఆ కొద్ది నెలల మీదే ఆధారపడి ఉండేది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే దారి పొడవునా చెరకు బండ్లు ఒకదాని వెనుక ఒకటి నిలబడేవి. తూకానికి వంతు వచ్చేదాకా బండివాళ్లు బండిని వదిలి దూరం పోవడానికి లేదు. వాళ్ల కోసం మేనత్త దారి పక్కన పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు కాల్చేది. మామ నడుం పడిపోయి మంచాన ఉన్నాడు. దారి పక్కన ఆ పొయ్యి మండితేనే వాళ్లింట్లో పొయ్యి మండేది. మా ఇల్లు వాళ్లకు ఆనుకునే ఉండటంతో బడి లేనప్పుడల్లా నేను ఆమె దగ్గరే ఉండేదాన్ని.

ఆమె రొట్టె చేస్తుంటే చూడబుద్ధేసేది. పిండి ముద్ద ఆమె అరచేతి కింద తిరుగుతూ తిరుగుతూ పలచబడి, అంచు ఎక్కడా పగలకుండా పెనం మీదికి వెళ్లేది. కాలిన రొట్టె మీద ఎల్లిపాయ కారం పెట్టి ఇస్తే, తిన్నవాళ్లు మళ్లీ చెయ్యి చాచేవారు.

ఒక ఏడు మరాఠీ మాట్లాడే దెగ్లూరు వైపు నుంచి వచ్చిన ఒకామె దారికి అవతల, చేదబావి పక్కన పొయ్యి పెట్టింది. అందరూ ఆమెను దెగ్లూరు బాయి అనేవారు. కొద్ది రోజుల్లోనే బండివాళ్లంతా అటు తిరిగారు. మేనత్త రొట్టెలు గంపలోనే మిగిలిపోయేవి. సాయంత్రం వాటిని ఇంటికి తెస్తే పిల్లలం పాలలో నానబెట్టుకుని తినేవాళ్లం. మాకు అది పండగే. ఆమె మాత్రం ఏమీ తినకుండా గోడకు ఆనుకుని కూర్చునేది.

అలాగని ఊరుకోలేదు. రొట్టె పెద్దది చేసింది. అడగకుండానే ఉల్లిగడ్డ కోసి పెట్టింది. అయినా ఎవరూ ఇటు రాలేదు. అది చూసి పక్కింటి పెద్దమ్మ ఒక ఉపాయం చెప్పింది.

"గామె పిండిల ఏదో కలుపుతున్నదని నలుగురి చెవుల ఎయ్యి. రెండు దినాలల్ల పొయ్యి ఎత్తేసుకొని పోతది."

"ఆమె పిండి నేను సూడలే అక్కా. సూడనిది ఎట్ల చెప్త?" అంది మేనత్త.

మర్నాడు నా చేతిలో చిల్లర పెట్టి, "గామె దగ్గరికి పోయి ఒక రొట్టె తినిరా బిడ్డా. గక్కడ మంచిగ ఏమున్నదో సూసొచ్చి నాకు చెప్పు" అంది. నాకు అసలు ఇష్టం లేదు. అయినా వెళ్లి, తిని, పరుగున వచ్చాను.

"రొట్టె దొడ్డుగున్నది అత్తా. కారంల ఉప్పెక్కువ. నీదే మంచిగున్నది."

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ముఖంలో ఏ మార్పూ లేదు.

"నాది మంచిగుంటదని నాకెరుకే. మరి గంత మంది గక్కడ ఎందుకు కూసుంటున్నరు? గది ఎరుక గావాలె నాకు. మల్ల పో."

ఈసారి తినలేదు. బావి గట్టు మీద కూర్చుని చూశాను. ఒక బండివాడు వచ్చాడు. రొట్టెల వైపు కన్నెత్తి చూడలేదు. బండి నుంచి విప్పి తోలుకొచ్చిన ఎడ్లను నేరుగా బావి దగ్గరున్న తొట్టికి నడిపించాడు. దెగ్లూరు బాయి నీళ్లు చేది పోసింది. ఎడ్లు మూతులు ముంచి గటగటా తాగాయి. అవి తలలెత్తాకే అతను ముఖం కడుక్కుని పొయ్యి ముందు కూర్చున్నాడు. ఆ వెనుక వచ్చినవాడూ అంతే, మరొకడూ అంతే.

"అత్తా, వాళ్లు రొట్టె కోసం పోతలేరు! ఎడ్లకు నీళ్ల కోసం పోతున్నరు!"

మేనత్త చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. "ఇన్నేండ్ల సంది మనిషి ఆకలే సూసిన గని, ఎద్దు దూప సూడలే" అంది నెమ్మదిగా.

మా వైపు బావి లేదు. ఆమె మా గల్లీలో ఇల్లిల్లూ తిరిగి బియ్యం కడుగు, గంజి పారబోయవద్దని అడిగింది. ఒకరి కొట్టంలో వాడకుండా పడి ఉన్న రాతి తొట్టిని బతిమాలి తెప్పించింది. కడుగులో తవుడు కలిపి కుడితి పోసింది. మొదటి రోజు మోస్రా నుంచి వచ్చిన ఒక ముసలి బండివాడి ఎడ్లు వాసన పట్టి వాటంతటవే మెడలు ఇటు తిప్పాయి. అవి తాగుతుంటే అతను వాటి గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు.

"ఎడ్లు తాగినంక నా కడుపు యాదికొచ్చింది. తే బిడ్డా, రొట్టె తే" అన్నాడు.

ఆ వారంలోనే దెగ్లూరు బాయి దారి దాటి మా వైపు వచ్చింది. కొట్లాట తప్పదని నేను మేనత్త వెనక్కి నక్కాను. ఆమె తొట్టిలోకి తొంగిచూసి నవ్వేసింది. "కుడితి పెట్టాల్నని నాకు తట్టకపాయె బాయీ! ఒక రొట్టె పెట్టు, తిని పోత" అంది. తింటూ మేనత్త చేతుల వైపే చూసింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ పోట్లాడుకోగా నేను చూడలేదు. బండ్ల వరుస ఇద్దరికీ సరిపోయేంత పొడవుండేది. మరుసటి ఏడు మేనత్త రెండో పొయ్యి పెట్టింది. దాని ముందు కూర్చోబెట్టింది, పుకారు లేపమని సలహా ఇచ్చిన పక్కింటి పెద్దమ్మనే.

ఇప్పుడు ఆ దారిలో బండ్లు లేవు. మేనత్తా లేదు. నేను నిజామాబాద్‌లో ఉంటున్నాను. మా కోడలు టిఫిన్ సెంటర్ నడుపుతోంది. ఈ మధ్య ఎదురుగా కొత్తది తెరిచారు. మా గిరాకీ తగ్గి, కోడలు ఇంకో బ్రాంచి పెట్టాలన్న ఆలోచన మానుకుని దిగులుగా తిరుగుతుంటే, ఒక పొద్దున నేనే వెళ్లి అక్కడ ఇడ్లీ తిని వచ్చాను.

"ఎట్లున్నయ్ అత్తమ్మా?" అని ఆత్రంగా అడిగింది.

"ఇడ్లీ మనదే మంచిగున్నది. గని గక్కడ నా అసొంటోళ్లు కూసునెతందుకు కుర్సీలున్నయి. మోకాళ్లు నొయ్యకుంట తిన్న" అన్నాను.

కోడలు మా హోటల్‌లోని ఎత్తు బల్లల వైపు చూసింది. వాటి చుట్టూ అందరూ నిలబడే తింటారు. ఇన్నాళ్లుగా నేనూ రోజూ చూస్తున్నవే అవి. ఎవరి దుకాణం ముందైనా జనం గుమిగూడితే నా కళ్లు ఇప్పటికీ ముందు సరుకు మీదికి పోవు, వచ్చినవాళ్లు వెంట ఏ అవసరం తెచ్చుకున్నారో వెతుకుతాయి. ఆ చూపు నాకు మేనత్త ఇచ్చింది.