నర్సమ్మ కిరాయి సైకిల్

సైకిల్ ర్యాలీ అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో, భద్రాచలంలో మా ఇంటెదుటి కిరాయి సైకిళ్ల దుకాణానికి ఒక నర్సమ్మ రోజూ పొద్దున్నే వచ్చేది. బొటనవేలితో వెనక టైరు నొక్కి చూసి, టీకామందుల మంచుపెట్టె క్యారియర్‌కు కట్టుకుని అడవి పల్లెలకు పోయేది.

ఒకరోజు దుకాణంలో ఒక్క సైకిలూ లేదు.

"అన్నీ ర్యాలీకి తీస్కపోయిండ్రు నర్సమ్మా. అందరు రోజూ సైకిల్ తొక్కాల్నని చెప్పెటందుకట," అన్నాడు దుకాణదారు.

"నేను రోజూ తొక్కుతనే ఉన్న గద," అని, ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచింది.

జీపులు దిగిన అధికారులు బజారు చివరిదాకా తొక్కి, ఫొటోలు తీయించుకుని, సైకిళ్లు రోడ్డు మీదే పడేసి మళ్లీ జీపులెక్కారు.

నర్సమ్మ సాయంత్రం తిరిగొచ్చింది. దారిలోనే మంచు కరిగి మందు పాడైందట. పిల్లల్ని చంకనేసుకుని కాచుకున్న తల్లుల్ని ఊరికే పంపేసిందట. అయినా ఎవరినీ తిట్టలేదు. తిట్టుంటే నా కడుపుమంట కొంత చల్లారేది. ర్యాలీ నుంచి వచ్చిన సైకిల్ టైరు నొక్కి చూసింది. గాలి లేదు.

"గాలి కొట్టి పెట్టన్నా, పొద్దుగాల్నే వస్త," అంది.

మర్నాడు "రోజూ సైకిల్ తొక్కండి" అన్న బ్యానర్ కింద నుంచి అధికారుల జీపులు దూసుకుపోయాయి. వాటికి దారిచ్చి, రోడ్డు దిగి, ఆ దుమ్ములో నర్సమ్మ సైకిల్ పట్టుకుని నిలబడింది.