రెండో అసిస్టెంటు అజాగ్రత్త

మొన్న ఓ మెయిల్ వచ్చింది. పదేళ్ళ కిందట మేము కంప్యూటర్‌కి ఎక్కించిన పాత వాతావరణ లెక్కల్ని ఇప్పుడు అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టారట. కృతజ్ఞతల జాబితాలో మొదటి పేరు నాదే. దాని కింద 'మరియు బృందం' అని ఉంది. సంతోషించాల్సింది పోయి మెయిల్ మూసేశాను.

అప్పట్లో, అంటే 2005లో, నేను అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఉండేవాణ్ణి. ఓ పరిశోధన సంస్థ మా కన్సల్టింగ్ కంపెనీకి ఒక పని అప్పగించింది. మన తూర్పు తీరాన దొరల కాలంలో నడిచిన ఓ అబ్జర్వేటరీ రిజిస్టర్లూ, ఏడాదికొకటి చొప్పున అది అచ్చువేసిన రిపోర్టులూ స్కాన్ చేసి పంపారు. అబ్జర్వేటరీ పనులు ముఖ్యంగా రెండు. రోజూ ఉదయం వాన కొలవడం ఒకటి. మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకి ఎత్తయిన స్తంభం మీంచి ఓ పెద్ద నల్లబంతిని జారవిడవడం రెండోది. రేవులో ఓడలవాళ్ళు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారు. బంతి వేళ తప్పి జారితే వెంటనే జెండా ఎగరేసి, రెండింటికి మళ్ళీ జార్చేవారు. ఏడాదిలో అలా ఎన్నిసార్లు తప్పిందో రిపోర్టులో దాచకుండా రాసేవారు. ఎంత నిజాయితీ అని ముచ్చటపడ్డాను, కారణాలు చదివేదాకా. తాడు తెగినా, వాన కొలిచే గొట్టంలో పిట్ట గడ్డి పెట్టినా, గడియారం మొరాయించినా, అన్నిటికీ ఒకటే కారణం: 'రెండో అసిస్టెంటు అజాగ్రత్త'. ఆ మనిషికి పేరైనా లేదు. ఎండలో మెట్లెక్కి బంతిని పైకి లాగేది ఆయన, నీడలో కూర్చుని రిపోర్టు రాసి సంతకం పెట్టేది అబ్జర్వేటరీ పెద్ద దొర. చదువుతుంటే రోత పుట్టేది.

నాతోపాటు ఆ పని చేసేది ఒక అక్క. బంధుత్వమేమీ లేదు. కరీంనగర్ ఆవిడ, నాకన్నా ఐదేళ్ళు పెద్ద, మా కాంప్లెక్స్‌లోనే భర్తా ఇద్దరు పిల్లలతో ఉండేది. ఇల్లు నడిచేది ఆవిడ ఉద్యోగం మీదే, వాళ్ళందరి వీసాలూ ఆవిడ వీసా మీదే. రోజూ ఆవిడ కార్‌లోనే ఆఫీస్‌కి వెళ్ళేవాణ్ణి. వెనక సీట్లో పిల్లల బిస్కెట్ పొడి, ముందు సీట్లో మా ఇద్దరి తిట్లు. "ఒక్కనాడన్నా తప్పు నాది అని రాయనీకి చెయ్యి రాలేదా ఈయనకు?" అనేది అక్క. నేను ఇంకా ఘాటుగా తిట్టేవాణ్ణి. చచ్చిపోయిన దొరని తిట్టడానికి ధైర్యం అక్కర్లేదు.

వాన కొలిచేది ఉదయం ఎనిమిదింటికి. గొట్టంలోని నీళ్ళు చాలావరకు ముందురోజువే. అందుకని తేదీని ఒకరోజు వెనక్కి జరిపేలా నేను ప్రోగ్రామ్ రాశాను. అక్క ఓ రిపోర్టు ముందుమాట పట్టుకొచ్చింది. "ఇది చూసినవా? ఈ ఇయర్ నుంచి డేట్ వాళ్ళే వెనక్కి జరిపి రాసిండ్రట. నువ్వు మళ్ళా షిఫ్ట్ చేస్తే డబుల్ అయితది."

"మీరు ఎంట్రీ చూసుకోండక్కా, లాజిక్ నేను చూసుకుంటా" అన్నాను. ఎంత పొగరు! ముందుమాట తెరిచి కూడా చూడలేదు.

రెండు నెలలకి క్లయింట్ వాళ్ళు గ్రాఫ్ గీశారు. అందులో ఓ పెద్ద తుఫాను తీరం తాకడానికి ముందురోజే వానంతా కురిసి వెలిసిపోయింది! అక్క చెప్పినట్టే తేదీ రెండుసార్లు వెనక్కి జరిగింది. అక్కే కూర్చుని రెండు రోజుల్లో అంతా సరిచేసింది. కానీ క్లయింట్‌కి వివరణ ఇవ్వాలి, ఏడాది చివరి రిపోర్టు రాయాల్సింది నేను. మా మేనేజర్, తేనె పూసినట్టు మాట్లాడే తెలుగాయన, నన్ను గదిలోకి పిలిచాడు. "ఎవరో ఒకరి మీద పెట్టాలండీ. మీ గ్రీన్ కార్డ్ ఫైల్ చేసేది వచ్చే నెలే కదా. ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి నాకు కాఫీ తాగేంత సేపు కూడా పట్టలేదు. డేటా ఎంట్రీలో ఒక టీమ్ మెంబర్ అజాగ్రత్త వల్ల పొరపాటు జరిగిందని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. అక్కని తీసేశారు. ఇంకో ప్రాజెక్ట్ దొరకలేదు. స్కూలు మధ్యలో పిల్లల్ని మాన్పించుకుని ఇండియా వెళ్ళిపోవాల్సి వచ్చింది.

ఆఫీసులో ఆఖరి రోజు కూడా నన్ను ఆవిడే ఇంటి దగ్గర దింపింది. సిగ్గులేకుండా ఎక్కి కూర్చున్నాను. "నువ్వే రాసినవట కదా" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మేనేజర్ రాయమన్నాడక్కా."

"దొరకు కూడా ఎవరో పైవాడు ఉండే ఉంటడు" అంది.

గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇల్లూ కొన్నాం. ఇంట్లో ఎవరికీ ఇప్పటిదాకా ఈ సంగతి చెప్పలేదు. మెయిల్ చూసిన సాయంత్రం జవాబు రాయడానికి కూర్చుని, జాబితాలో చేర్చమని అక్క పేరు టైప్ చేశాను. ఆ తర్వాత, అప్పటి తప్పు నాదని ఒక్క వాక్యం రాయాలి. గంటసేపు కూర్చున్నా వేళ్ళు కదల్లేదు. నామీద నాకే అసహ్యం వేసి లేచి వచ్చేశాను. మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. ఆ అబ్జర్వేటరీలో ఒంటిగంటకి జరిగిన తప్పుని రెండింటికల్లా దిద్దేవారు. పదేళ్ళు గడిచాయి, నాకింకా రెండు కాలేదు.