గొడుగు పట్టుకుపోయిన పెద్దావిడ

పోలీస్ యాక్షన్ అయిన కొత్తల్లో సికింద్రాబాదులో వాన తెరిపి ఇవ్వలేదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నేను, మా ఊరి కాలవగట్టు మీద తొక్కినట్టే, ఒక చేత్తో గొడుగు పట్టుకుని సైకిలు తొక్కేవాణ్ణి. ఒకరోజు మెట్టుగూడ దగ్గర పల్లంలోకి దిగుతుంటే మిలిటరీ లారీ ఎదురైంది. గాభరాగా ముందు బ్రేకు నొక్కాను. సైకిలు జారి, వెళ్ళి బస్సు షెడ్డు ముందు బురదలో పడ్డాను.

షెడ్డులో బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ వచ్చి నన్ను లేపింది. దెబ్బలేం తగల్లేదని చూసుకున్నాక నవ్వడం మొదలుపెట్టింది.

"ఏందీ బిడ్డా! ఒక చేతిల ఛత్రీ, ఒక చేతిల హ్యాండిలు. వానల గిట్ల తొక్కుతరా?"

"మా వైపంతా చదునేనండీ. బ్రేకుతో పనే ఉండదు."

"గిది సికింద్రాబాదు. జెర రెండు చేతులు పెట్టి మెల్లగ పో."

అంతలో బస్సు వచ్చింది. ఆవిడ నా గొడుగు తీసుకుని ఎక్కేసింది.

"గిది నీ తాన ఉంటె మల్ల పడతవ్. రేపు గీడనే ఇస్త!" అని కిటికీలోంచి అరిచింది.

మర్నాడూ వానే. రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టి, బ్రేకులు కొద్దికొద్దిగా నొక్కుతూ దిగాను. ఆవిడ షెడ్డులో నా గొడుగుతో నిలబడి ఉంది. నా తల మీంచి నీళ్ళు కారడం చూసి సంబరపడిపోయింది.

"మొత్తం తడిసినవ్. శభాష్!" అంటూ గొడుగు నా చేతికిచ్చింది.

ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు. ఇప్పటికీ నేను వానలో తడిసి ఇల్లు చేరితే అందరూ కేకలేస్తారు. నాకు మాత్రం మెచ్చుకున్నట్టే వినిపిస్తుంది.