విద్యావతి ఆంటీ పుస్తకం, రెండు ముగింపులు

విద్యావతి ఆంటీది తెనాలి. భర్త ఉద్యోగంతో మాస్కో వెళ్లి, అక్కడ తెలుగు పుస్తకాలు అచ్చువేసే సంస్థలో పద్నాలుగేళ్లు అనువాదాలు చేశారు. ఇప్పుడు సిడ్నీలో, గిరావీన్‌లో కూతురింట్లో ఉంటున్నారు. రెండు కళ్లలోనూ శుక్లాలు. మా అక్క మసూదా ఆపా ఇల్లు పక్క వీధే. పదో తరగతితో చదువాపి ఆపా పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన నాకు చేతిరాత మాత్రం బాగుంటుందని ఆపా ఆమెతో అంది. ఆ మర్నాటి నుంచి రోజూ రెండు గంటలు ఆమె చెప్పేది రాయడం నా పని అయింది.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఆమె రాయిస్తున్నది ఒక రష్యన్ నవలిక చరిత్ర. కథ కాదు, ఆ కథ ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు అచ్చయిందో ఆ చరిత్ర. ఆ కథలో కంచు గంటలు పోతపోసే ముసలివాడు తొమ్మిదేళ్ల తర్వాత ఇంటికి తిరిగి వస్తాడు. 1973లో ఆంటీ చేసిన తెలుగు పుస్తకంలో అతను తన తలుపు ముందు నిలబడటంతో కథ అయిపోతుంది. 1986లో వచ్చిన రెండో ముద్రణలో తలుపు తెరుచుకుంటుంది. దాని మీద అనువాదకుడిగా చలపతి అనే పేరుంది. ఆయన మాస్కోలో ఆంటీ పక్క బల్ల దగ్గర పనిచేసినాయన. ఆమె వచ్చేశాక చివరి అధ్యాయం మార్చి తన పేరు వేయించుకున్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ముగింపు మారిందని ఎవరో చెబితే ఆంటీ ఆ పుస్తకం కొన్నారుగాని తెరవలేదు.

విజయవాడ ప్రచురణకర్త ఒకాయన ఆ నవలికను మళ్లీ వేస్తున్నాడు. ఆయన దగ్గరున్నది చలపతి గారి పేరున్న ముద్రణే. పాత అచ్చుల వివరాలన్నీ పంపితే పేరు సంగతి ఆలోచిస్తానన్నాడు. ఈసారైనా పుస్తకం మీద తన పేరు చూసుకోవాలని ఆంటీ ఆశ.

మనవరాలు సింధుజ యూనివర్సిటీ లైబ్రరీ నుంచి పాత ముద్రణల మొదటి, చివరి పేజీలు జెరాక్సు తీసి తెచ్చింది. చివరి పేజీలో ఏ ముగింపు ఉందో ఆంటీ భూతద్దంతో చూసి చెబితే, సంవత్సరం నేను చూసి కంప్యూటర్లో ఎక్కించాను. నలభై ఒక్క ముద్రణలు. ఆ పట్టిక ఆమె అల్లుడు బాలమురళి అన్న తయారుచేసింది. సంవత్సరానికి రెండే గడులు. మూడో అంకె కొడితే కుయ్యిమని మోగేది. రెండంకెలతోనే సరిపెట్టాను.

ఆగస్టులో ఒక శనివారం బాలమురళి అన్న ఆ పట్టిక అచ్చు తీసిన కాగితాలు పట్టుకొచ్చాడు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని, బ్యాంకులో వాటిని సరిచేసే ఉద్యోగం ఆయనది.

"అత్తయ్యగారూ, మీ కేసు సాల్వ్ అయిపోయింది. కొత్త ముగింపు రష్యన్‌లో వచ్చిందే నైన్టీన్ నైన్టీ వన్‌లో. మరి ఎయిటీ సిక్స్‌లో చలపతి అంకుల్‌కి ఎక్కణ్ణుంచి దొరికింది? సొంతంగా అల్లేశారు."

"తొంభై ఒకటా?" ఆంటీ కుర్చీలో ముందుకు జరిగారు. "సోవియట్ దేశం పడిపోయిన ఏడు. పాత పెట్టెలన్నీ తెరిచారు కదా బాబూ, అందులోంచి వచ్చుంటుంది. చలపతికి అదెలా తెలుస్తుంది? రాయి ఇక్రా."

రాశాను. ప్రచురణకర్తకు మూడు పేజీల ఉత్తరం. చలపతి గారి గురించి ఆమె చెప్పిన మాటలు నా చేత్తో రాయడానికి ఇబ్బందిగా ఉన్నా రాశాను. సోమవారం పోస్టు చేయాలన్నారు.

ఆదివారమంతా ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో అర్థం కాలేదు. ఆ కాగితంలో మొదటి వరుసలో పెన్నుతో దిద్ది ఉంది. అక్కడ ముందేముందో అడగాలనిపించింది గాని, పెద్దవాళ్ల లెక్కలో నేనెందుకని ఊరుకున్నాను. సోమవారం పొద్దున ఆంటీ ఉత్తరం నా చేతికిచ్చాక మాత్రం, ఆఫీసుకు బయల్దేరుతున్న బాలమురళి అన్నను అడిగాను.

"అన్నా, ఈ మొదటిది ఎందుకు దిద్దారు?"

"అదా? రష్యన్ పత్రికలో మొదటిసారి వచ్చింది. ముప్పై దాటిన ఏ నంబరుకైనా ప్రోగ్రాం ముందు పంతొమ్మిది పెట్టేస్తుంది. ఎయిటీ సిక్స్‌ని నైన్టీన్ ఎయిటీ సిక్స్ చేసేసింది. రచయిత పోయి వందేళ్లాయె, అందుకని చేత్తో పద్దెనిమిది చేశా."

"మరి తొంభై ఒకటి?"

ఆయన కాగితం వైపు, నా వైపు చూశాడు. నేను వెళ్లి జెరాక్సుల సంచి తెచ్చాను. నాకు రష్యన్ రాదు, అంకెలు వచ్చు. చివరి పేజీ వేరని ఆంటీ చెప్పిన పుస్తకం అట్ట మీద 1891 అని ఉంది.

"రోజంతా ఆఫీసులో ఇదే జబ్బుకి మందేస్తాను," అన్నాడు బాలమురళి అన్న. "ఇంట్లో అంటించింది నేనేనా?"

ఆంటీ భూతద్దం అడిగారు. అట్ట వెనక పేజీలో రచయిత రెండు వరుసలు రాసుకున్నాడట. కూడబలుక్కుని చదివి చెప్పారు. పత్రికవాళ్లు చోటు చాలదని చివరి రెండు పేజీలు కోసేశారు, ఇప్పుడు తిరిగి చేర్చాను అని. మాస్కోలో ఆంటీకి ఇచ్చింది ఆ పత్రిక ప్రతే, చలపతి గారికి దొరికింది ఈ పుస్తకమన్నమాట.

"చలపతిది చదువు," అన్నారు. "చివరి అధ్యాయం."

చదివాను. ముసలామె తలుపు తీస్తుంది. మొగుణ్ణి గుర్తుపట్టదు. 'ఎవరైతేనేం, బూట్ల మంచు దులుపుకొని లోపలికి రా' అంటుంది.

"మళ్లీ."

మళ్లీ చదివాను.

"నేనైతే 'మీరెవరైనప్పటికీ' అని రాసేదాన్ని. ముసలిది అలా మాట్లాడుతుందా?"

నన్ను అడిగారో, ఇంకెవర్నో అడిగారో తెలియలేదు. ఆమెకు కోపం వచ్చిందో, నచ్చిందో కూడా తెలియలేదు. ఆ తర్వాత తన పుస్తకంలోని చివరి పేజీ కూడా చదవమన్నారు.

"ఏది సరైనది ఆంటీ?"

"ఇరవై ఆరేళ్లు ఇదే అనుకున్నాను," అన్నారు.

టీ చల్లారిపోయాక కొత్త ఉత్తరం చెప్పారు. మొదటి పదకొండు అధ్యాయాలు విద్యావతి, పన్నెండోది చలపతి. ఇద్దరి పేర్లూ వేయాలి. ఎవరి పేరు ముందు రాయమంటారని అడిగాను. తెలుగులో ఎవరిది ముందొచ్చిందో వాళ్లదే అన్నారు. సంవత్సరాలకు నాలుగంకెలూ వెయ్యమన్నారు.

చివరికి పాత ఉత్తరం కోసం చెయ్యి చాపారు. ఆమె కళ్లకు అది ఖాళీ కాగితంతో సమానం.

"ఇందులో చలపతిని ఏమని రాయించాను?"

చదవబోయి ఆగాను.

"సరే, వద్దులే. అక్షరాలు ఎప్పట్లాగే బాగున్నాయా?"

"బాగానే ఉన్నాయి ఆంటీ."

ఆమె దాన్ని మడిచి చింపారు. మడతల మీద ఇంకోసారి చింపలేక, ఆ ముక్కలు నా చేతికిచ్చారు.